మారిషస్ దీవిలో మా నాలుగేండ్ల కాపురము

హిందూమహాసముద్రములో, మడగాస్కరుకు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరమున, భూమధ్యరేఖకు దక్షిణముగా 20 డిగ్రీల వద్ద మారిషస్ దీవి యున్నది. దాని పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు 45 కిలోమీటర్లు. ఉదయము బయలుదేరినవాడు దీవి నంతయు చుట్టి చీకటిపడకముందే ఇల్లు చేరవచ్చును. నడుమ పీఠభూమి, దానిచుట్టును కొండలు, కొండలక్రింద చెరకుతోటలు, తోటల యంచున సముద్రము, ఆ సముద్రములో పగడపుదిబ్బల వలయము: ఇదియే దీవి స్వరూపము. 1968 మార్చి 12న స్వతంత్రమైన ఈ చిన్న దేశమున పన్నెండు లక్షలకు పైగా జనులు నివసించుచున్నారు.

విహారమునకు వెళ్లివచ్చినవారు ఆ దీవిని గురించి చెప్పగా శ్రోతలు వినియే యుందురు. అయితే వారము దినములుండు యాత్రికునికి కనిపించు దీవి వేరు; అద్దెయిల్లు తీసికొని, పిల్లలను బడికి పంపి, నెలాఖరు ఖర్చులు లెక్కవేసికొను సంసారికి కనిపించు దీవి వేరు. ఉద్యోగ నిమిత్తమున మేము, మా యిద్దరు పిల్లలు 2015 జనవరి మొదలు 2018 చివరివరకు అక్కడ కాపురముంటిమి. చివరి యేడాదిన్నరయు పిల్లల నాయనమ్మ మాతో నుండిరి. ఆ నాలుగేండ్లలో మేమెట్లు బ్రతికితిమో, తీరికవేళల నేమి చేసితిమో, ఏ విషయమున మా మనసులు కలతపడినవో చెప్పుట ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

మా యిల్లు క్వాత్ర్ బోర్న్ అను పట్టణమున నుండెడిది. పడమట కోర్ ద్ గార్ద్ అను కొండ. దాని వాలున తమిళుల మురుగన్ కోవెల యున్నది. తైపూసమునాడు భక్తులు కావళ్లు మోసికొని ఆ మెట్లెక్కుదురు. మాది సమతలపు కప్పు గల కాంక్రీటు ఇల్లు; కిటికీలకు బలమైన తలుపులు. ఆ వీధిలోని యిండ్లన్నియు ఇంచుమించు అట్టివే. అందులకు కారణము కలదు, దానిని తరువాత చెప్పుదుము.

అక్కడి గడియారము మనకన్న గంటన్నర వెనుక నడచును. మేము రాత్రి భోజనమునకు కూర్చుండు వేళకు కాకినాడలో పెద్దలు నిద్రకు సిద్ధమగుచుండెడివారు. కావున వారితో మాటలన్నియు సాయంకాలము దీపము పెట్టకముందే ముగియవలెను. ఉదయము ఆరు గంటలకే వీధి మేల్కొనును. వీధి మూలనున్న చిల్లర దుకాణమునకు వేడి రొట్టెలు వచ్చును. ఇట్టి దుకాణములలో పెక్కింటిని వెనుకటి కాలమున చీనావారు నడిపెడివారనియు, బాకీలను చిన్న పుస్తకములో వ్రాసికొని నెలాఖరున పుచ్చుకొనెడివారనియు పొరుగువారు చెప్పిరి. దీవివారికి ఉదయపు ఆహారము రొట్టెయే. మేము మాత్రము మొదటి యేడు ఇడ్లీలకొఱకు పట్టుపట్టితిమి. జూలై, ఆగస్టు నెలలు అక్కడ చలికాలము. పీఠభూమిపై రాత్రి రుబ్బిన పిండి తెల్లవారుసరికి పులియదు. పిండిగిన్నెకు దుప్పటి చుట్టి పండుకొనబెట్టిన రాత్రులును కలవు. తుదకు చలికాలమున రొట్టె, వేసవిలో ఇడ్లీ అను ఒడంబడికకు వచ్చితిమి.

ఋతువులు తలక్రిందులగుట మాటలలో తెలిసినంత సులభముగ మనసునకు అలవడదు. నాయనమ్మ జూన్ నెలలో వచ్చిరి. వచ్చిన మూడవనాడు తులసికోటను ఎండ తగులుచోట పెట్టించవలెనని పెరటిలో నిలిచి చూచిరి. మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరపు దిక్కున నుండెను. గోడ నీడ దక్షిణముగా పడియుండెను. “సూర్యనారాయణమూర్తికే ఇక్కడ దారి మారిందా!” అని ఆమె చాలసేపు అక్కడనే నిలిచిపోయిరి. సంక్రాంతి నడివేసవిలో వచ్చును. మన యెండకాలమున అక్కడ చెరకు వెండికుచ్చుల వంటి పూలు పూయును. ఉగాదినాటికి అక్కడ వసంతము కాదు, శరత్తు. మామిడిపండ్ల కాలము అప్పటికే గడచిపోవును. ఉగాది పచ్చడికి మామిడికాయ, వేపపువ్వు సమకూర్చుట మా యింట ఏటేట ఒక పరిశోధనగ నుండెడిది. అయినను ఉగాది ఆ దేశమున అందరికిని సెలవుదినము. తెలుగుదేశమునకు ఇన్నివేల మైళ్ల దూరమున, ఉగాదికి ప్రభుత్వమే సెలవిచ్చు చోటున నున్నామన్న ఊహ మాకు తొలియేడు ఎంతో బలము నిచ్చెను.

దీవిలో మాకు మొదటి బడి కాయగూరల అంగడి. క్వాత్ర్ బోర్న్ అంగడిలో వారమున కొన్ని దినములు కాయగూరలు, కొన్ని దినములు బట్టలు అమ్ముదురు. అక్కడివారిలో పెక్కురు ఇంట మాటాడు భాష క్రియోల్. ఫ్రెంచి మాటలు మూలముగా, బానిసలుగా తేబడిన ఆఫ్రికావారి నోట రూపుదిద్దుకొన్న భాష అది. నీటిని దిలో అందురు. రొట్టెను దిపేఁ అందురు. బియ్యమును దిరి అందురు. ఇవి మాకు కొత్త. కాని ఆకుకూరల వరుసకు వచ్చునప్పటికి చెవులు నిక్కించి వినవలసివచ్చెను. కొత్తిమీరను కోతోమిలి అందురు. కరివేపాకును కారిపులే అందురు. మునగాకు బ్రేద్ మురుమ్. పొట్లకాయ పతోల్. బీరకాయకు చెప్పు పిపంగాయ్ అను మాట తమిళపు పీర్కంగాయకు మనుమరాలు. తోటకూరనైతే బ్రేద్ మలబార్ అనియే పిలుతురు. వంకాయ వేయించిన వాసనవలెనే ఈ మాటలును ఓడలెక్కి వచ్చినవి. తెచ్చినవారు పోయినను అంగడిలో నిలిచియున్నవి. నాయనమ్మకు ఫ్రెంచి రాదు, ఆంగ్లము రాదు, క్రియోల్ రాదు. అయినను వచ్చిన నెలలోపలనే ఆమె ఒంటరిగా అంగడికి వెళ్లి, బేరము చేసి, చేమాకును, కాకరకాయలను తెచ్చెడివారు.

వీధిలో తినుబండారములును అట్టివే. ఉడికించి పొడిచేసిన శనగపప్పును పొరగా లోపల పెట్టి, పలుచగా వత్తి కాల్చిన ధోల్‌పూరీ ఆ దీవివారికందరికిని ప్రియమైనది. హిందువు, మహమ్మదీయుడు, క్రైస్తవుడు, చీనావాడు అను భేదము లేక బండి వద్ద నిలిచి జంటలు జంటలుగా కొని తిందురు. గాతో పిమాఁ అనునది పప్పు రుబ్బి, పచ్చిమిరపకాయలు చేర్చి నూనెలో వేచినది. మన మసాలావడకు చిన్న తమ్ముడు. దానిని అక్కడివారు రొట్టెలో పెట్టుకొని తిందురు. మా పిల్లలకు అదియే బడిలో మధ్యాహ్నపు తిండియయ్యెను.

ఇక తీరికవేళలు. దీవిలో ఆదివారమునకు ఒక పద్ధతి కలదు. కుటుంబములు, ఒక్కొక్కచో వీధికి వీధియే, బస్సులు బాడుగకు మాటాడుకొని గిన్నెలతో, చాపలతో సముద్రతీరమునకు తరలిపోవుదురు. ఫ్లిక్ ఆఁ ఫ్లాక్, మోఁ ష్వాజి, బెల్ మార్ వంటి తీరములలో నిసుక పొడుగునను సరుగుడుచెట్లు పెంచియున్నారు. ఆ నీడలో చాపలు పరచికొని, వంటలు విప్పికొని, పగలంతయు గడపుదురు. కాకినాడ, ఉప్పాడ తీరముల నెరిగిన మాకు సరుగుడుచెట్ల సవ్వడి పరిచితమే. సముద్రము మాత్రము వేరు. మన తీరమున అల వచ్చి ఒడ్డును కోసికొనిపోవును. అక్కడ అల ఎక్కడో దూరమున పగడపుదిబ్బపై విరిగి తెల్లని గీతగా నిలిచిపోవును. ఆ గీతకును ఒడ్డునకును నడుమ నీరు చెరువువలె నిశ్చలము. చిన్నపిల్లలు సయితము భయము లేక దిగుదురు. ముండ్లు గల సముద్రపు కాయల వంటి జీవులు అడుగున నుండును గనుక కాళ్లకు జోళ్లు తొడుగుకొని దిగవలెనని మాత్రము పొరుగువారు మాకు నేర్పిరి. ఆ తెల్లని గీతయే దీవికి ప్రాకారము. పగడము సజీవమైనది, సముద్రజలము మితిమీరి వేడెక్కినచో తెల్లబడి నశించును. అది నశించినచో అక్కడి యొడ్డును ఉప్పాడ యొడ్డువలె నగును.

సాయంకాలమగుసరికి తీరమున సెగ నృత్యము మొదలగును. బానిసలుగా తేబడినవారి పాట అది. 1835లో బానిసత్వము తొలగినను పాట నిలిచినది. 2014లో యునెస్కో సంస్థ దానిని మానవజాతి సాంస్కృతిక వారసత్వములలో చేర్చినది. మేకతోలు బిగించిన రవాన్ అను వెడల్పాటి వాద్యమును మొదట నిప్పుసెగకు కాచి, తోలు బిగిసిన పిదప వాయింతురు. కాళ్లు నేలనుండి ఎత్తక, పాదములను జరుపుచు ఆడుదురు. వాద్యమును మంటకు పట్టుట చూచిన నాయనమ్మ, “ఇది మన డప్పే కదర్రా! మన ఊళ్లోనూ ఇలాగే కాచేవారు” అని ముందునకు జరిగి కూర్చుండిరి. ఆ తరువాత ఆమెకు ఆదివారము సముద్రమునకు పోవుట ఒక నియమమయ్యెను.

ఆదివారములన్నియు సముద్రమునకే కాదు. చలికాలమున కొండలెక్కుదుము. రాజధానియైన పోర్ట్ లూయిస్‌కు పైన లె పూస్ అను 812 మీటర్ల కొండ యున్నది. ఆ పేరునకు బొటనవ్రేలు అని యర్థము. ప్రకృతిశాస్త్రవేత్త చార్లెస్ డార్విన్ 1836లో దీవికి వచ్చినప్పుడు దానినెక్కెను. మా పెద్దవాడు తొమ్మిదవయేట దానినెక్కి, శిఖరమునుండి దీవి రెండు వైపుల సముద్రమును ఒక్కమాటు చూచి, “ఇంతేనా మన దేశం?” అనెను. మన దేశమన్నమాట విని మేమొకరి ముఖమొకరు చూచుకొంటిమి. పాంప్లెమూస్ ఉద్యానవనమున పళ్లెముల వంటి ఆకులు గల మహాకలువలును, శ్రీతాళవృక్షములును కలవు. శ్రీతాళము పెక్కేండ్లు పెరిగి జీవితమున ఒక్కసారియే పూచి, కాయలు పండించి మరణించును. మన పూర్వులు గ్రంథములు వ్రాసికొన్న ఆకులు దానివే యని పిల్లలకు చెప్పితిమి. చెట్టును చూచి నాయనమ్మ నమస్కరించిరి.

ఇంతవరకు చెప్పినదంతయు సుఖజీవనము. అయితే ఆ దీవికి తెలుగువారు విహారమునకు పోలేదు. 1834 నవంబరు 2న అట్లాస్ అను ఓడ 36 మంది కూలీలతో పోర్ట్ లూయిస్ చేరెను. ఆనాటినుండి 1920వరకు భారతదేశమునుండి చెరకుతోటలకు తేబడిన ఒప్పందపు కూలీలు సుమారు అయిదు లక్షలమంది. వారు దిగిన రేవు ఆప్రవాసీ ఘాట్. అక్కడి రాతిమెట్లు నేటికిని కలవు. 2006లో ఆ స్థలము ప్రపంచ వారసత్వస్థలముల జాబితాలో చేరినది. బిహారువారు, తమిళులు, మహారాష్ట్రులు, తెలుగువారు ఆ మెట్లెక్కినవారే. తెలుగువారిని అక్కడ కోరంగీలు అని పిలిచెడివారు. ఆ పేరు కాకినాడ ప్రక్కనున్న మన కోరంగి రేవుది. 1839 నవంబరులో పెనుతుఫాను కోరంగిని ముంచివేసినది. ఒకప్పుడు ఓడలు కట్టిన ఆ రేవు నేడు మడ అడవుల ప్రక్కనొక పల్లె. ఆ పల్లెపేరు సముద్రమున కావల ఒక జాతిపేరై నిలిచినదని మాకు అక్కడికి పోవువరకు తెలియదు.

మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఆనాటి కూలీల నమోదు పుస్తకములు, ఛాయాచిత్రములు భద్రపరచియున్నారు. వచ్చినవాని పేరు గుమాస్తా తనకు వినబడినట్లు వ్రాసికొనెను. ఆ పేరే మనుమలకు ఇంటిపేరైనది. అందువలన అప్పడు, నాయుడు అను ఇంటిపేర్లు నేడు అక్కడ వైద్యులకును, ఉపాధ్యాయులకును కలవు.

మా పొరుగువారు అట్టి కుటుంబమే. ఆ యింటి పెద్దావిడను మా పిల్లలు అవ్వ అని పిలిచెడివారు. ఆమె ఇంట మాటాడునది క్రియోల్. తెలుగు తెలియునా యని యడిగితిమి. “కొంచెం, కొంచెం” అని చేతితో చూపెను. కాని మాఘమాసమున ఒకనాటి రాత్రి వారి కోవెలలో రామభజనమునకు మమ్ము పిలిచినప్పుడు, దీపము చుట్టును తిరుగుచు ఆమె తెల్లవారువరకు తెలుగుపాటలు పాడెను. ఒక్క అక్షరము తడబడలేదు. సింహాద్రి అప్పన్న పూజను వారు తరతరములుగ మానలేదు. ఆమె పాడిన పాటలలో సగము మాకు తెలియవు. మా పిల్లలకు ఒక్కటియు తెలియదు. ఆమెకు పాటలున్నవి, మాటలు లేవు. మాకు మాటలున్నవి, పాటలు లేవు. ఎవరు తెలుగువారన్న ప్రశ్న ఆ రాత్రి మాకు తోచినది. దానికి సులభమైన సమాధానము నేటికిని మావద్ద లేదు.

ఆ దేశపు ప్రాథమిక పాఠశాలలలో పిల్లలు కోరుకొన్న పూర్వుల భాషను నేర్చుకొనవచ్చును: హిందీ, ఉర్దూ, తమిళము, తెలుగు, మరాఠీ, చీనా మొదలగునవి. 2012నుండి క్రియోల్‌ను గూడ చేర్చిరి. మా పెద్దవాడు తెలుగు తరగతిలో కూర్చుండెను. తరగతిలో తెలుగు మాటాడువాడు వాడొక్కడే. తక్కిన పిల్లలు అక్షరములు దిద్దుచుండిరి. అవ్వ మనుమరాలు ఆ తరగతిలోనిదే. సాయంకాలము గోడ ప్రక్కన కూర్చుండి వాడామెకు మాటలు చెప్పుచుండును. ఆమె వానికి పాటలు చెప్పుచుండును.

చిన్నది మాత్రము అట్లు కాదు. దీవికి పోవునప్పటికి దానికి ఏడాది నిండలేదు. మూడవయేట దానికి మాటలు వచ్చినవి. వచ్చినవన్నియు క్రియోల్ మాటలు. మేము తెలుగున పిలిచిన క్రియోల్‌లో పలుకును. నాయనమ్మ వచ్చి ఎత్తుకొనబోగా “మో పే అలే” అని పరుగెత్తెను. నేను పోవుచున్నానని దాని యర్థము. ఆమె అర్థమడిగి తెలిసికొని, ఆ రాత్రి భోజనము చేయలేదు. మరునాడు మాతో, “పిల్లకి అన్నీ కొనిపెట్టారు. నాతో మాట్లాడటానికి నాలుగు ముక్కలు పెట్టలేకపోయారా?” అనిరి. ఆ మాటకు మేమేమి చెప్పగలము? ఆనాటినుండి ఆమె బోధన ఆరంభించిరి. పుస్తకము లేదు, పలక లేదు. అంగడికి తోడుగా తీసికొనిపోవుట, కూర తరుగునప్పుడు ప్రక్కన కూర్చుండబెట్టుట, పండుకొనునప్పుడు కథ చెప్పుట, అంతే. కథ నడుమ ఆపివేసి, “తరువాత ఏమైందో తెలుగులో అడిగితే చెబుతా” అనెడివారు. ఆరు నెలలలో పిల్లకు తెలుగు వచ్చెను. నాయనమ్మకు క్రియోల్ వచ్చెను.

2018 జనవరి మధ్యలో బెర్గిట్టా అను తుఫాను దీవివైపు వచ్చెను. నవంబరు మొదలు ఏప్రిల్ వరకు అక్కడ తుఫానుల కాలము. ప్రజలను హెచ్చరించుటకు నాలుగు తరగతులను ఏర్పరచియుండిరి. మొదటిది తుఫాను ఒకటి రెండు దినముల దూరమున నున్నదని తెలుపునది. మూడవది వచ్చినచో ఇల్లు వదలి ఎవరును కదలరు. కార్యాలయములు, దుకాణములు, బస్సులు నిలిచిపోవును. గంటకు 120 కిలోమీటర్ల విసురుగాలి దీవిని తాకినప్పుడు నాలుగవది. మొదటి హెచ్చరికనాడే పొరుగువారు వచ్చి మా పెరటిలోని కుండీలను, దండెమును లోపల పెట్టించి, నీళ్లు పట్టించి, కొవ్వొత్తులు, రొట్టెలు, బ్యాటరీలు తెచ్చితిరా యని తనిఖీ చేసిరి. మూడవ హెచ్చరిక వచ్చినది. రాత్రి వాన కుండలతో కుమ్మరించినట్లు కురిసెను. మా వీధిలో విద్యుద్దీపములారిపోయెను. చేతిఫోనులలో ప్రాణము తగ్గెను. అంతట మాకు మిగిలినది అరచేతి పరిమాణముగల బ్యాటరీ రేడియో. తుఫాను ఎక్కడ నున్నదో, ఎటు కదలుచున్నదో, ఎంత వేగమున కదలుచున్నదో అది చెప్పుచుండెను. గోడకావల అవ్వ యింటిలోను అదే గొంతు వినవచ్చుచుండెను. చీకటిలో ఒకే మాటను రెండిండ్లవారు వినుచున్నారన్న ధైర్యము ఎట్టిదో, తీరప్రాంతపు శ్రోతలకు మేము విడమరచి చెప్పనక్కరలేదు.

తుఫాను దీవికి దక్షిణముగా తొలగిపోయెను. నీరు నిలిచి, తోటలు పండుకొని, చెట్లు విరిగినవి. మా వీధివారందరును క్షేమము. మరునాడు అవ్వ కాంక్రీటు గోడపై చేయి వేసి 1960వ సంవత్సరపు మాట చెప్పెను. ఆ యేడు జనవరిలో అలిక్స్, ఫిబ్రవరిలో కెరోల్ అను తుఫానులు వచ్చినవి. గడ్డి యిండ్లు, రేకుటిండ్లు లెక్కకు మిక్కిలిగా కూలిపోయినవి. ఆ తరువాతనే దీవివారు కాంక్రీటు ఇండ్లు కట్టుకొనుట సాగినది. అవ్వ అప్పుడు చిన్నపిల్ల. చెరకుతోటలో బోర్లా పండుకొని రాత్రి గడపెనట. నాయనమ్మ కోరంగిని ముంచిన తుఫానుకథ చెప్పిరి. మనుమరాలు దుబాసిగా నిలిచెను. ఆ తుఫాను పడిన కొన్నియేండ్లకే కోరంగినుండి కూలీలు బయలుదేరినారని పెద్దవాడు పుస్తకములో చదివినది చెప్పెను. ఇద్దరు ముసలివారును కొంతసేపు మాటాడలేదు.

ఆ యేడు నడుమ మా ఒప్పందమును మరి రెండేండ్లు పొడిగింతుమని పైవారు చెప్పిరి. జీతము పెరుగును. పెద్దవానికి బడి నచ్చినది, చిన్నదానికి సముద్రము నచ్చినది. మాలో ఒకరికి ఉండుట యిష్టము, ఒకరికి తిరిగివచ్చుట యిష్టము. వారము దినములు మాయింట మాటలు తక్కువయ్యెను. నాయనమ్మ ఎటును చెప్పలేదు. విషయము గోడ దాటి అవ్వకు తెలిసెను. ఆమె వచ్చి కూర్చుండి, సగము తెలుగు, సగము క్రియోల్ కలిపి యొకమాట చెప్పెను. “మా తాత తాత కాగితం అయిదేళ్లు. అయిదేళ్లు అయ్యాక వెళ్తానన్నాడు. మళ్లీ అయిదు, మళ్లీ అయిదు. ఇప్పుడు మేము ఇక్కడివాళ్లం. బాధ లేదు, ఇది మా దేశం. కాని ఆయన ఎప్పుడూ నిర్ణయించలేదు. రోజులే నిర్ణయించాయి.” ఉండుమనియు అనలేదు, పొమ్మనియు అనలేదు. మీరుగా నిర్ణయింపుడు అని మాత్రమే ఆమె యభిప్రాయము. ఆ కూలీకి లేని స్వేచ్ఛ మాకు కలదు. మా కాగితము వెనుక బెదిరింపు లేదు, చేతిలో తిరుగు టిక్కెట్టు కలదు. ఆ రాత్రి మేమిద్దరము కూర్చుండి మాటాడుకొని, పెద్దవాని పైచదువు, ఊరిలో ఒంటరిగానున్న వృద్ధులు, మా వృత్తి అన్నియు తూచి, తిరిగివచ్చుటకే నిశ్చయించితిమి. ఉండిపోయినను తప్పు కాకపోయెడిది. రోజులకు వదలివేయక నిశ్చయించుటయే ముఖ్యమని ఆమెవలన తెలిసికొంటిమి.

ఇట్టి దూరదేశములకు సంసారముతో పోవువారికి మేము చెప్పదగినది స్వల్పము. మనవారు పదిమంది చేరి, మన వంటలు వండుకొని, మన చిత్రములు చూచికొని, ఆదివారములు గడపుట సుఖమే. కాని ఆ గోడలలోనే నాలుగేండ్లు గడచినచో దీవి మీకు తెలియదు. దీవికి మీరు తెలియరు. అంగడిభాష నేర్వుడు. పొరుగువారు తీరమునకు పిలిచినచో చాప పట్టుకొని వెళ్లుడు. ఇంటిలో మాత్రము మీ భాష మాటాడుడు. మాటాడుటకు ఇంట నొక పెద్దయున్నచో అంతకన్న మేలు లేదు. ఈ రెండును ఒకదానికొకటి విరుద్ధములు కావని మా పిల్లదాని యందు చూచితిమి.

తిరిగివచ్చిన పిమ్మట తలవని తలంపుగ మాకు మరియొక చింత పట్టుకొన్నది. పిల్లలు కొంతకాలము తమలో తాము క్రియోల్‌లో మాటాడుకొనెడివారు, ముఖ్యముగా మాకు తెలియగూడని మాటలను. క్రమముగ అది తగ్గెను. తెలుగు పోవునేమోయని అక్కడ భయపడిన మేము, క్రియోల్ పోవుచున్నదే యని యిక్కడ బాధపడితిమి. 2020 జూలైలో ఆ దీవి ఆగ్నేయతీరమున పగడపుదిబ్బపై ఒక పెద్ద ఓడ ఎక్కెను. ఆగస్టులో దానినుండి సుమారు వెయ్యి టన్నుల నూనె సముద్రములోనికి కారెను. దీవి జనులు చెరకుటాకును గుడ్డసంచులలో కూరి, త్రాళ్లుగ కుట్టి, నీటిపై పరచి నూనెను ఆపజూచిరి. అవ్వ మనుమరాలును వెళ్లి చేతులు నల్లబడువరకు పనిచేసెను. ఆ వార్త తెలిసిననాడు మా పిల్లలిద్దరును నాయనమ్మ ప్రక్కన కూర్చుండి ఆమెతో ఫోనులో మాటాడిరి. చిన్నది మఱచిపోయెననుకొన్న క్రియోల్ మాటలు ఒకటొకటిగ తిరిగివచ్చెను.

నాటినుండి వారిమధ్య ఉత్తరములు సాగుచున్నవి. ఆ పిల్ల తెలుగున వ్రాయును; గుణింతములు అప్పుడప్పుడు తప్పును. మావారు క్రియోల్‌ను తెలుగు లిపిలో వ్రాయుదురు. నాయనమ్మ కళ్లజోడు పెట్టుకొని రెండును చదివి, రెండింటిలోను తప్పులు దిద్దుచున్నారు.